నారోబోట్ కొని ఇల్లు చేసుకోవచ్చా? రంపం పట్టే ముందు ఒక చలికాలం అందులో ఉండి చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఇంగ్లండులోని మిల్టన్ కీన్స్‌లో మీరిద్దరూ ఉద్యోగాలు చేస్తున్నారు, అద్దె మోయలేకపోతున్నారు. గ్రాండ్ యూనియన్ కాలువ మీద 57 అడుగుల నారోబోట్, అంటే ఇక్కడి కాలువల్లో తిరిగే సన్నటి పొడవాటి పడవ, ఒకటి బేరానికొచ్చింది. 1999లో కట్టింది, లోపల సగం ఊడదీసి ఉంది, ధర 36 వేల పౌండ్లు. వచ్చే నెలే చేరిపోయి, శని ఆదివారాల్లో మీరే చెక్కపని చేసుకుంటూ ఇల్లులా మార్చుకోవచ్చా, ఎక్కడ మొదలుపెట్టాలి అని.

మార్చుకోవచ్చు. మేమూ అలాగే చేశాం. మా ఆయనా నేనూ 2016 నుంచి బోటులోనే ఉంటున్నాం. చెక్కపని ఆయనది, వైరింగూ నీళ్ళ పైపులూ నావి. కానీ మీరు రాసిన ప్లాన్ చూస్తే వంటగది అల్మరాల రంగు దాకా వచ్చేశారు, అడుగు ప్లేటు మందం ఎంతో మాత్రం ఎక్కడా లేదు. అందుకే ఇంత పొడుగు సమాధానం.

నారోబోట్ అంటే వెల్డింగ్ చేసిన స్టీలు డబ్బా. ప్రకటనలో 10/6/4 అని ఉంటుంది చూడండి, అది అడుగు 10 మిల్లీమీటర్లు, పక్కలు 6, పైన గది భాగం 4 అని. కట్టిన రోజు లెక్క అది. పాతికేళ్ళు నీళ్ళలో నానాక ఎంత మిగిలిందో తెలియాలంటే బోటును నీళ్ళలోంచి పైకి తీయించి, మీరు డబ్బిచ్చి పెట్టుకున్న సర్వేయర్‌తో అల్ట్రాసౌండ్ మీటరు పెట్టించి కొలిపించాలి. అమ్మేవాళ్ళు పెట్టుకున్న సర్వేయర్ కాదు, మీవాడు. పక్కలు ఎక్కడైనా 4 కంటే దిగితే చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు మొహం తిప్పుకుంటాయి. అప్పుడు పాత రేకు మీద కొత్త రేకు అతికించాలి, దాన్ని ఓవర్‌ప్లేటింగ్ అంటారు. ఖర్చు వేలల్లో ఉంటుంది.

మేము ఇక్కడే దెబ్బ తిన్నాం. అమ్మినాయన నాలుగేళ్ళ కిందటి సర్వే కాగితం చూపించాడు, అంకెలు బాగానే ఉన్నాయి, నమ్మేశాం. ఏడాది తిరక్కుండానే, నల్లరంగు వేయించడానికి పైకి తీయిస్తే వెనక భాగంలో నీటి మట్టం దగ్గర చిన్న చిన్న గుంటలు, గోరు దిగేంత లోతువి. వెల్డింగ్ తప్పదన్నారు. ఆ ఖర్చు ఒక ఎత్తు. రెండో ఎత్తు ఏమిటంటే, బయట వెల్డింగ్ చేస్తే ఆ వేడికి లోపలి ఫోముకూ చెక్కకూ నిప్పంటుకోవచ్చు. కాబట్టి ఆ గోడకు ఆనుకుని మేము అప్పుడే పూర్తిచేసిన బాత్రూమును మా చేతులతో మేమే ఊడదీశాం. టైల్స్‌తో సహా. ఇనుము పని అయ్యాకే చెక్క పని అనేది నేను పుస్తకంలో చదివింది కాదు.

నల్లరంగు అన్నాను కదా, దాన్నిక్కడ బ్లాకింగ్ అంటారు. తారు లాంటి పూత. రెండు మూడేళ్ళకోసారి వేయిస్తూ ఉండాలి. పనిలో పనిగా బోటు బయటి రేకుకు అతికించిన మెగ్నీషియం ముద్దలు, యానోడ్‌లు, ఎంత కరిగాయో చూసుకోవాలి. అవి కరిగితేనే స్టీలు కరగకుండా ఉంటుంది. మరీనాలో, అంటే బోట్లు కట్టుకునే రేవులో, కరెంటు ప్లగ్గు పెట్టుకుంటే ఎర్త్ వైరు ద్వారా మీ బోటూ పక్క బోటూ ఒకే బ్యాటరీలా తయారై, పక్కవాళ్ళ కోసం మీ స్టీలు అరిగిపోతుంది. గాల్వానిక్ ఐసోలేటర్ అనే చిన్న పెట్టె దీన్ని ఆపుతుంది. మీ బోటులో అది ఉందో లేదో అడగండి.

సరే, సర్వే బాగా వచ్చింది, కొన్నారనుకుందాం. నా అసలు సలహా ఇప్పుడు చెప్తాను, మీకు నచ్చకపోవచ్చు. మొదటి చలికాలం ఏమీ కట్టకండి. పొయ్యి, మంచం, టాయిలెట్, ఒక కుళాయి, రెండు లైట్లు పనిచేస్తే చాలు, అందులో ఉండండి. నవంబరు నుంచి మార్చి దాకా ఆ డబ్బాతో కాపురం చేస్తే ఏది ఎక్కడ ఉండాలో అదే చెప్తుంది. మేము మొదటి నెలలోనే ముచ్చటపడి ఎదురెదురు బల్లలతో డైనింగ్ కట్టాం. చలికాలం వచ్చాక తెలిసింది, మాకు కావలసింది డైనింగ్ కాదు, పొయ్యి దగ్గర తడి బట్టలు ఆరేసుకునే చోటు అని. బల్లలు పీకేశాం.

చలికాలం అంటున్నది చలి గురించి కూడా కాదు, తేమ గురించి. బొగ్గు పొయ్యి ఉంటే చలి పెద్ద సమస్యే కాదు, నిజానికి పొయ్యి పక్కన డిసెంబరులో చేతుల్లేని జాకెట్టుతో కూర్చోవచ్చు. తేమ వేరు. ఇద్దరు మనుషుల ఊపిరి, స్నానం ఆవిరి, పప్పు కుక్కర్ నాలుగు విజిల్స్, అన్నం గంజి ఆవిరి, ఇదంతా వెళ్ళి చల్లటి స్టీలు ఎక్కడ కనిపిస్తే అక్కడ నీళ్ళవుతుంది. మన వంటకు ఆవిరి ఎక్కువ, ఇంగ్లీషువాళ్ళ శాండ్‌విచ్ లెక్కలు మనకు పనికిరావు. మొదటి జనవరిలో ఒక రాత్రి పరుపు అంచు చల్లగా తగిలి, ఎత్తి ఫోన్ లైట్ వేసి చూశాను. కింద ప్లైవుడ్ మీద నల్లటి చుక్కలు, చెయ్యి పెడితే జిగురు. మంచం కింద బోటు గోడకు ఆనించి పెట్టిన సూట్‌కేస్ తెరిస్తే పై మడతలో నా పెళ్ళి పట్టుచీర. జరీ అంచు పొడుగునా బూజు, వేలితో తుడిస్తే పొడి రాలింది. ఆ గోడకు అవతల ఉన్నది కాలువ నీళ్ళు. ఆ సంగతి అప్పటిదాకా నాకు తట్టలేదు.

అందుకని మంచం కింద పలక కాదు, పట్టీలే వేయండి, వాటి మధ్య గాలి ఆడాలి. నీటి మట్టం కింద ఏ అల్మరా అయినా గోడకు ఆనకుండా అంగుళం ఖాళీ వదలండి. ఇన్సులేషన్‌కు నా ఓటు స్ప్రే ఫోమ్‌కే. అది స్టీలుకు అతుక్కుపోతుంది కాబట్టి వెచ్చటి గాలి చల్లటి రేకును తాకే సందే ఉండదు. పాత బోట్లలో థర్మోకోల్ షీట్లు ఉంటాయి, మీ దాంట్లోనూ అవే ఉండొచ్చు. వాటి అంచుల్లోంచి గాలి దూరుతుంది. పైగా థర్మోకోల్‌కు ఆనుకున్న మామూలు పీవీసీ వైరు తొడుగు కొన్నేళ్ళకు పెళుసెక్కి పగులుతుంది. గోడ విప్పినప్పుడు వైర్లు దానికి ఆనుకుని కనిపిస్తే మార్చి, పైపులోంచి లాగండి. రాక్‌వూల్, అంటే రాతి నారతో చేసే దూది లాంటిది, మాత్రం వద్దు, నీళ్ళు పీల్చుకుని గోడ లోపలే కిందికి జారి కూర్చుంటుంది.

కప్పు మీద పుట్టగొడుగుల్లా ఉండే ఇత్తడి గాలి మూతలు చలేస్తోందని గుడ్డలు కుక్కి మూయకండి. గ్యాసూ బొగ్గూ మండే చోట అవి ప్రాణం. కార్బన్ మోనాక్సైడ్ అలారం బోటు సేఫ్టీ నిబంధనల్లో తప్పనిసరి, 2019 నుంచి. మేము రెండు పెట్టుకున్నాం, ఒకటి పొయ్యి గదిలో, ఒకటి తలగడ దగ్గర.

గ్యాస్ పని మీరు చేయకండి. బోటే ఇల్లయినప్పుడు ఇక్కడి చట్టం ప్రకారం గ్యాస్ సేఫ్ అనే అధికారిక రిజిస్టరులో నమోదైనవాళ్ళే, అందులోనూ బోట్లలో సిలిండర్ గ్యాస్ చేయడానికి అర్హత ఉన్నవాళ్ళే ముట్టుకోవాలి. ప్రొపేన్ గాలికంటే బరువు. ఇంట్లో లీకైతే తలుపు కింది సందులోంచైనా బయటికి పోతుంది, బోటులో అయితే అడుగున నీళ్ళలా నిలబడుతుంది. అందుకే సిలిండర్లు ముందు భాగంలో విడి పెట్టెలో ఉంటాయి, దాని అడుగున బయటికి రంధ్రం ఉంటుంది. పాత యజమాని ఆ రంధ్రం మీద తాడు చుట్టలు పడేసి ఉంటాడు, తీసి చూడండి.

కరెంటు గురించి మీరు అడిగిన ప్రశ్న: రైస్ కుక్కర్, మిక్సీ నడుస్తాయా? లెక్క వేసుకుందాం. బోటులో ఉండేది 12 వోల్టుల బ్యాటరీ. 750 వాట్ల మిక్సీ అంటే ఇన్వర్టర్ నష్టంతో కలిపి దాదాపు 70 ఆంపియర్లు లాగుతుంది. భయపడకండి, ఐదు నిమిషాలే కాబట్టి 6 ఆంపియర్ అవర్లతో పోతుంది. ఇన్వర్టరూ వైర్లూ తగినంత లావుగా ఉంటే మిక్సీ ఢోకా లేదు. 700 వాట్ల రైస్ కుక్కర్ పాతిక నిమిషాలు నడిస్తే 27 ఆంపియర్ అవర్ల దాకా పోతాయి. పాత రకం లెడ్ బ్యాటరీ 110 ఆంపియర్ అవర్లదైనా, పాడవకుండా వాడుకోగలిగింది సగమే. అంటే ఒక పూట అన్నానికి, ఒక బ్యాటరీలో వాడుకోగలిగిన దాంట్లో సగం. మేము కుక్కర్ ఊరికి పంపేశాం, గ్యాస్ మీదే గంజి వార్చుకుంటున్నాం.

సోలార్ పెట్టుకోండి, కానీ మే నెల ఎండ చూసి మురిసిపోకండి. డిసెంబరులో ఫోన్లకూ లైట్లకూ సరిపోతే గొప్పే. మిగతాది ఇంజన్ నడిపి నింపుకోవాలి, అదీ పక్కన బోట్లు ఉంటే రాత్రి 8 నుంచి ఉదయం 8 దాకా నడపకూడదు. లిథియం బ్యాటరీలు మంచివే, మేమూ మారాం. అయితే ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌కు నేరుగా తగిలిస్తే అవి ఆగకుండా కరెంటు లాగి దాన్ని కాల్చేస్తాయి. మధ్యలో ఆ కరెంటును అదుపుచేసే డీసీ టు డీసీ చార్జర్ ఉండాలి. ఇంటి నుంచి పనిచేస్తామన్నారు కదా, స్టీలు డబ్బాలో ఫోన్ సిగ్నల్ సరిగ్గా రాదు. యాంటెన్నా కప్పు మీద, రౌటర్ లోపల. అదొక్కటి మొదటి వారమే చేసుకోండి.

టాయిలెట్ సంగతి ఇక్కడ అందరూ మొహమాటం లేకుండా మాట్లాడుకుంటారు, నేనూ మాట్లాడతాను. మూడు రకాలు. క్యాసెట్ అంటే 20 లీటర్ల దాకా పట్టే పెట్టె, మీరే మోసుకెళ్ళి ఎల్సాన్ అనే చోట పారబోయాలి. పంప్‌అవుట్ అంటే అడుగున పెద్ద ట్యాంకు, మరీనాలో డబ్బిచ్చి లాగించుకోవాలి. మూడోది ఘనం వేరు ద్రవం వేరు చేసే పొడి టాయిలెట్. ఇంటర్నెట్‌లో అందరూ దాన్నే మెచ్చుకుంటారు. కానీ మనం నీళ్ళతో కడుక్కునేవాళ్ళం. అందులో నీళ్ళు పడితే దాని పని చెడిపోతుంది, పొడిగా ఉన్నంతసేపే వాసన రాదు. కాగితం అలవాటు చేసుకుంటామంటే మీ ఇష్టం. ఒక చిక్కు కూడా ఉంది, ఆ వ్యర్థాన్ని కాలువ సంస్థ చెత్తబుట్టల్లో వేయడానికి ఇప్పుడు వీల్లేదు. మేము రెండు క్యాసెట్లతో నడుపుతున్నాం, నీళ్ళ వాడకం వల్ల మాకు రెండ్రోజులకో పెట్టె నిండుతుంది. మంచు పడుతున్నప్పుడు చక్రాల బండి మీద దాన్ని తోసుకెళ్ళడం ఎలా ఉంటుందో మీ ఆవిడకు ముందే చెప్పండి. లేదా ఆవిడే మీకు చెప్తుందేమో.

ఇక బరువు. నేల మీది ఇంట్లో ఉన్నవాళ్ళకు ఈ ఆలోచనే రాదు. నేల పలకల కింద ఇటుకలో, పేవింగ్ రాళ్ళో పేర్చి ఉంటాయి, అదే బలాస్ట్. సగం ఊడదీసిన బోటు ఇప్పుడు తేలికగా, ముందు భాగం పైకి లేచి ఉండి ఉంటుంది. మీరు కట్టే ప్రతిదీ దాన్ని ఎటో ఒకవైపు వంచుతుంది. మేము వంటగట్టు, ఫ్రిజ్, పుస్తకాల అల్మరా అన్నీ ఎడమవైపే పెట్టాం, చూడ్డానికి వరసగా బాగుంటుందని. పెనం మీద నూనె ఎప్పుడూ ఒక పక్కకే జారేది, దోసె ఒక అంచున అట్టులా మందంగా, ఇంకో అంచున కాగితంలా వచ్చేది. మా ఆయన నెల రోజులు నా చెయ్యి తిరగడం లేదన్నారు. చివరికి నేల పలకలు లేపి ఇటుకలు కుడివైపుకు మోస్తే సర్దుకుంది. అందుకే నేల పలకలకు జిగురు పూయకండి, స్క్రూలే వేయండి. కింద నీళ్ళు చేరాయో లేదో చూసుకోవడానికైనా అవి లేవాలి. నీళ్ళ ట్యాంకు ముందు భాగంలో ఉంటుంది కాబట్టి నిండినప్పుడు ముక్కు దిగుతుంది, ఖాళీ అయ్యేకొద్దీ లేస్తుంది. సగం ట్యాంకుతో బరువు చూసుకోండి.

చెక్కపని మొదలుపెట్టే రోజున రసమట్టం ఇంట్లో వదిలి రండి. తేలే దాని మీద అది అబద్ధమే చెప్తుంది. పక్కగోడలు పైకి వెళ్ళేకొద్దీ లోపలికి వాలి ఉంటాయి, ఎక్కడా లంబకోణం దొరకదు. నేలనే ఆధారం చేసుకుని మూలమట్టంతో కొలవాలి. 8 అడుగులు 4 అడుగుల ప్లై షీటు ముందు తలుపులోంచి దూరదు, దుకాణంలోనే పొడుగునా చీల్పించుకోండి. అన్ని గదులూ ఒకేసారి విప్పకండి. రంపపు పొట్టులో నిద్రపోయి పొద్దున్నే ఆఫీసు కాల్‌లో కూర్చోవడం నెల రోజులకే విసుగొస్తుంది. ఒక గది పూర్తయ్యాకే రెండోది.

ఇప్పుడు మీరు అసలు అడగనిది: బోటు ఎక్కడ ఉంచుతారు? ఇక్కడి కాలువలు చాలావరకు కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ చేతిలో ఉన్నాయి. వాళ్ళ లైసెన్స్‌కు ఇన్సూరెన్సూ, నాలుగేళ్ళకోసారి బోట్ సేఫ్టీ సర్టిఫికెట్టూ కావాలి. శాశ్వతంగా కట్టుకునే చోటు, అంటే మూరింగ్, లేకపోతే కంటిన్యువస్ క్రూజర్ అంటారు. 1995 నాటి చట్టం ప్రకారం ఒకేచోట 14 రోజులకు మించి ఉండకూడదు. దాన్ని చాలామంది రెండు వంతెనల మధ్య అటూ ఇటూ తిరగడం అనుకుంటారు. కాదు, నిజంగా ప్రయాణం చేస్తున్నట్టు ఉండాలి, లేకపోతే లైసెన్స్ మళ్ళీ ఇవ్వరు. 2024 ఏప్రిల్ నుంచి మూరింగ్ లేనివాళ్ళకు లైసెన్స్ మీద అదనపు రుసుం కూడా పెట్టారు. ఇద్దరికీ రోజూ ఆఫీసుకు వెళ్ళే ఉద్యోగాలైతే ఇది బోటు కంటే పెద్ద టెన్షన్. మరీనాలో చోటు దొరికినా, అది నివాసానికా, ఊరికే బోటు ఉంచుకోవడానికా అని కాగితం మీద చూడండి. రెండోది అయితే అక్కడ కాపురం ఉండటం ఒప్పందానికి విరుద్ధం. స్థిరమైన చిరునామా లేకపోతే బ్యాంకు, డాక్టరు, డ్రైవింగ్ లైసెన్స్ అన్నీ తిప్పలే. వీసా మీద ఉంటే ఆఫీసు హెచ్‌ఆర్‌తో ముందే మాట్లాడుకోండి, కొన్నాక కాదు.

నడపడానికి లైసెన్స్ అక్కర్లేదు, వేగం గంటకు 4 మైళ్ళు మించకూడదు, నేర్చుకోవడం తేలికే. నీటి మట్టం మార్చి బోటును ఎక్కించి దించే లాకుల దగ్గర మాత్రం జాగ్రత్త. మాది కోనసీమ, లాకులు అన్న మాట మాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. కాటన్ దొర గోదావరి కాలువల మీద కట్టించినవి ధవళేశ్వరంలో, బొబ్బర్లంకలో ఉన్నాయి, మా అమ్మమ్మ వాటిలోంచి పడవ మీద పుట్టింటికి వెళ్ళేదట. తేడా ఏమిటంటే ఇక్కడ తలుపులు తెరిచే మనిషి ఉండడు, ఇనుప హ్యాండిల్ పట్టుకుని మనమే తిప్పాలి. పై తలుపుల కింద సిల్ అనే రాతి గట్టు ఉంటుంది. లాకులో కిందికి దిగేటప్పుడు బోటు వెనక భాగం దాని మీద ఇరుక్కుంటే నీళ్ళు దిగిపోతాయి, బోటు వేలాడి ముక్కు మునుగుతుంది. గోడ మీద తెల్లగీత దాటి ముందుకు ఉండండి. 57 అడుగుల బోటుకు ఈ దేశంలో దాదాపు అన్ని లాకులూ సరిపోతాయి, మీరు ఎంచుకున్న పొడవు మంచిదే. ఇంకోటి, ప్రొపెల్లర్‌కు చుట్టుకున్న ప్లాస్టిక్ సంచులూ పాత చీరల్లాంటి గుడ్డలూ తీయడానికి వెనక వీడ్‌హాచ్ అనే మూత ఉంటుంది. దాన్ని సరిగ్గా బిగించకుండా ఇంజన్ స్టార్ట్ చేస్తే నీళ్ళు నేరుగా లోపలికి చిమ్ముతాయి. బోట్లు అలా కూడా మునుగుతాయి.

డబ్బు గురించి ఒక్కమాట. 36 వేలకు బోటు వస్తుంది, అది మొదటి బిల్లు. మొత్తం చేతిలో ఉన్నది బోటుకే పెట్టకండి, కనీసం మూడో వంతు విడిగా ఉంచుకోండి. ఇల్లు కొన్నట్టు ధర పెరుగుతుందనీ అనుకోకండి.

అడ్వాన్స్ ఇచ్చే ముందు, "సర్వే బాగుంటేనే కొంటాం" అని రాసిన కాగితం మీద మీరు సంతకం పెట్టి, అమ్మేవాళ్ళతోనూ పెట్టించుకోండి. రిపోర్టు వచ్చాక నీటి మట్టం దగ్గరి కొలతలూ, అడుగు ప్లేటు కొలతలూ ఇక్కడ రాయండి. వీలైతే నేల పలక ఒకటి లేపి, ఇంజన్ గది పక్కన అడుగున తడి ఉందో లేదో ఫోటో తీసి పెట్టండి, చూసి చెప్తాను.